ముఖం లేని ఫోటో

మొన్న మా మేనకోడలి కూతురి పెళ్ళికి కరీంనగర్ వెళ్ళాను. పెళ్ళైన మర్నాడు ఆల్బం తయారుచేసే అమ్మాయి ఇంటికే వచ్చి, కంప్యూటర్ తెరిచి, ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తూ అక్కడికక్కడే దిద్దుతూ కూర్చుంది. చురుకైన పిల్ల, వేళ్ళు చకచకా ఆడుతున్నాయి. పెళ్ళికూతురికి మంగళస్నానం చేయిస్తున్న ఫోటో తెర మీదికి వచ్చింది. పిల్ల వెనక గోడకు ఆనించి పెద్ద రాగి గంగాళం, దాని అంచుకు తగిలించిన చెంబు, పక్కన సున్నిపిండి గిన్నె. ఆ అమ్మాయి వేలు అలా కదిపేసరికి గంగాళం మాయమైంది. తర్వాత చెంబు, ఆ తర్వాత గిన్నె. వెనక ఉత్త పసుప్పచ్చ గోడ మిగిలింది. "ఎందుకమ్మా తీసేసినవ్?" అన్నాను. "డిస్టర్బెన్స్ అమ్మమ్మా. చూపు ముఖం మీదనే ఉండాలె గదా" అన్నది. "గంగాళం లేకుంటె ఆ పిల్లకు నీళ్ళెక్కడియే?" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గంగాళం, చెంబు, గిన్నె మూడూ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టించేదాకా అక్కడినుంచి లేవలేదు. పెళ్ళివారు నా చాదస్తం చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకోనీ. ఆ పని నాకు కొత్త కాదు. ఫోటోలో ఏది ఉండాలి, ఏది పోవాలి అన్న పంచాయితీలో నేను పద్దెనిమిదేళ్ళ వయసులోనే ఊరితో, అంతకుముందు మా బాపుతో, అంటే నాన్నతో, తగువు పెట్టుకున్నదాన్ని.

మా బాపుకు కరీంనగర్‌లో ఫోటో దుకాణం ఉండేది. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో కిటికీ మూసేసి నల్లగుడ్డ కట్టిన చీకటిగది. నిజాం కాలంలో పెట్టిన దుకాణం గనుక బోర్డు మొదట ఉర్దూలో ఉండేది. ఆ రాజ్యం పోయాక దాని కిందనే తెలుగులో రాయించాడు తప్ప పై అక్షరాలు చెరిపించలేదు. పొద్దున లేవగానే బాపు పాత ధోవతి ముక్కతో కెమెరా కన్ను తుడిచి, సాసరులో చాయ్ పోసుకుని తాగి, అప్పుడు గాని ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఫోటోలు కడిగే హైపో మందు వాసన ఇంట్లో ఎప్పుడూ ఉండేది. పుల్లగా, ముక్కు లోపల గీరినట్టుండే వాసన. "నా చారుల గూడ మీ మందు వాసనే అస్తుంది. ఈ ఇంట్ల పోపు పెట్టి ఏం ఫాయిదా?" అని మా అవ్వ, అంటే అమ్మ, రోజూ గొణిగేది. గొణుగుతూనే తడి ఫోటోలను తన పాత చీరల మడతల్లో పెట్టి, పైన పప్పు రుబ్బే పొత్రం ఎత్తి, వంకరపోకుండా ఆరబెట్టేది. మా ఇంట్లో అవ్వ చీరలన్నిటి మీదా ఎవరివో తెలియని ముఖాల తడి చారలు ఉండేవి.

దుకాణంలో ఒక కుర్చీ, గుడ్డపూల గుత్తి పెట్టిన స్టాండు, వెనక మెట్లూ స్తంభాలూ గీసిన తెర. వచ్చినవాళ్ళు జుట్టుకు నూనె పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, యుద్ధానికి పోయేవాళ్ళలా కూర్చునేవారు. అయితే బాపుకు జిల్లాలో పేరు వచ్చింది బతికున్నవాళ్ళ ఫోటోలతో కాదు, చచ్చిపోయినవాళ్ళ ఫోటోలతో. ఏ జాతర గుంపు ఫోటోలోనో గోరంత కనిపించే ముఖాన్ని పట్టుకొస్తే, దాన్ని పెద్దది చేసి, కత్తిరించి, కోటు తొడుక్కున్న ఒంటికి అతికించి, మళ్ళీ ఫోటో తీసేవాడు. దాని కోసం మా దుకాణంలో ఒక డబ్బా నిండా తల లేని కోట్లు ఉండేవి. కుర్చీలో కూర్చున్నది, నిలబడ్డది, చేతికర్ర పట్టుకున్నది. బతికినంత కాలం అంగీ కూడా సరిగ్గా తొడగని రైతులు చచ్చాక మా బాపు చేతిలో పడి కోటూ గడియారం గొలుసూ పెట్టుకుని గోడలెక్కేవారు. ఇంటివాళ్ళు చూసి మురిసి ఏడ్చేవారు. దాన్ని తప్పని నేననను. కాని చిన్నప్పటినుంచి ఆ డబ్బా తెరిచినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. ఆ మనిషి నిజంగా తొడుక్కున్న గొంగడి ఏమైంది?

బాపు చూపు మందగించడంతో టచింగ్ పని నాకు వచ్చింది. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది, కళ్ళు మాత్రం మంచివి. పెన్సిల్‌ను సూదిలా చెక్కి, గాజు నెగెటివ్ మీద మచ్చ ఉన్న చోట చుక్కలు చుక్కలుగా రుద్దితే కాగితం మీద ఆ మచ్చ మాయమవుతుంది. బ్లేడుతో గీకితే నలుపు చిక్కనవుతుంది. ముడతలు పోగొట్టడం, మెల్లకన్ను దిద్దడం, లేని బొట్టు పెట్టడం, నీళ్ళరంగులతో చీర అంచులు అద్దడం అన్నీ ఏడాదిలో వచ్చేశాయి. బాపు కంటె నా చెయ్యి సన్నగా నడిచేది. ఈ మాట ఇప్పుడు చెప్పడానికి నాకు మొహమాటం ఏమీ లేదు. అప్పుడు మాత్రం వచ్చినవాళ్ళకు బాపు, "పోరికి ఊకెనే నేర్పుతున్న, పొద్దుపోవాలె గద" అని చెప్పేవాడు.

ముఖాలు దిద్దీ దిద్దీ విసుగు పుట్టినప్పుడు నేను వస్తువుల ఫోటోలు తీసేదాన్ని. ఫోటో తీసే గాజు పలకల్లో మూల విరిగినవి, గడువు దాటినవి నాకు దొరికేవి. పొద్దున దుకాణం తెరవకముందు గడప మీద పడే ఏటవాలు ఎండలో ఉల్లిగడ్డలు, ఇత్తడి చెంబు, అవ్వ వత్తులు చేసిన పత్తి, గుట్టల మీంచి అమ్మకానికి వచ్చిన సీతాఫలాలు పేర్చి తీసేదాన్ని. తీసి ఊరుకోక, వాటిని కత్తిరించి ఒకదానితో ఒకటి కలిపేదాన్ని. ఒకసారి ఊరిబయటి రాతిగుట్ట ఫోటోకు పక్కన, అదే ఎత్తున, ఒక సీతాఫలాన్ని నిలబెట్టాను. పండు గరుకుదనమూ బండ గరుకుదనమూ ఒక్కలాగే ఉన్నాయి, ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. బాపు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "పండును గుట్టంత జేసినవ్. ఇది ఎవలింట్ల పెట్టుకుంటరే?" అన్నాడు. "నా ఇంట్ల" అన్నాను. "నీకు ఇల్లు యాడిదే ఇంక?" అని నవ్వాడు. అవ్వ నవ్వలేదు. ఆ ఫోటో తీసుకుపోయి బియ్యం కుండ పైన గోడకు మైదాతో అంటించింది.

అలాంటి రోజుల్లో చొప్పదండి నుంచి నర్సయ్య వచ్చాడు. మగ్గం నేసేవాళ్ళు వాళ్ళు. ఆయన వెంట తమ్ముని భార్య రాజవ్వ, ఆమె చంకలో రెండేళ్ళ పిల్ల సుగుణ. రాజవ్వకు నాకంటె నాలుగైదేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. మగడు చంద్రయ్య. ఇక్కడ నేతకు గిరాకీ పడిపోయి, అందరిలాగే షోలాపూర్ మిల్లుకు పోయాడు. అక్కడ జ్వరం తగిలి పోయాడు. దహనం కూడా అక్కడి తోటివాళ్ళే చేశారు. ఊరికి వచ్చింది ఆయన ట్రంకుపెట్టె ఒక్కటే. ఇప్పుడు ఏడాది దినం దగ్గరపడింది, దండ వేసి దీపం పెట్టడానికి ఫోటో కావాలి. చంద్రయ్య బతుకులో ఒక్క ఫోటో కూడా దిగలేదు. నర్సయ్య దానికి ఉపాయం ఆలోచించుకునే వచ్చాడు.

"నాది తియ్యిండ్రి. వాడు నా లెక్కనే ఉంటుండె. ముక్కు జర సన్నం, మీసం పల్చన, గంతే ఫరక్. మీ చేతుల పని, మాకు ఎర్కనే" అన్నాడు బాపుతో.

బాపు కూర్చోబెట్టి తీశాడు. నేను టచింగ్ చేశాను. ముక్కు సన్నం చేశాను, మీసం పల్చన చేశాను, గడ్డం కింద కొవ్వు తీసేశాను, కళ్ళ కింద పదేళ్ళ అలసట తుడిచాను. నల్లకోటు తొడిగాను. నేను చేసినవాటిలో అంత నికార్సయిన పని అప్పటిదాకా లేదు. బాపు కూడా భుజం తట్టాడు. నాలుగు రోజుల తర్వాత వాళ్ళు వచ్చినప్పుడు, నర్సయ్య ఫోటో చేతిలోకి తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రాజవ్వకు అందించాడు. ఆమె చాలాసేపు చూసి, "ఈయన ఎవ్వరు?" అన్నది.

"ఎవ్వరేంది? మన చంద్రయ్య" అన్నాడు నర్సయ్య.

"కాదు బావా. ఇది నువ్వు. జర పడుసుగున్నప్పటి నువ్వు. ఆయన ముఖం నాకు యాదికున్నది. రేపు నా బిడ్డ పెద్దగై, మా బాపు గిట్లుంటుండెనని పెద్దబాపు ముఖానికి మొక్కుడేంది?"

"మరి ఏ ముఖానికి మొక్కుతది? ఫోటో లేకుంటె దినంనాడు ఏం పెడ్తవ్, గోడనా? పది మందిల నామోషి గాదా?"

"గోడ పెట్టినా మంచిదే. ఉన్న గోడ ఉన్నట్టుంటది." ఆమె గొంతు పెద్దది చేయలేదు. ఫోటోను బల్ల మీద బోర్లించింది.

నేను బల్లకు ఇటువైపు కూర్చుని ఉన్నాను. నా పనిని అంత సూటిగా కాదన్నవాళ్ళు అప్పటిదాకా లేరు. కోపం రావాలి, రాలేదు. ఆమె చెప్పింది నిజం. నేను లేని మనిషిని తయారుచేశాను, ఉన్న మనిషి గుర్తులన్నీ ఎక్కడో ఒక ట్రంకుపెట్టెలో ఉన్నాయి. "అక్కా, మీ ఆయనవి సామాన్లు ఏమేం ఉన్నయ్?" అని అడిగాను. ఆమె నా వైపు మొదటిసారి చూసింది. చెప్పులు, తలకు కట్టుకునే రుమాల, చెంబు, తంబాకు డబ్బీ, మిల్లుకు పోతూ కూడా వెంట తీసుకుపోయిన సొంత నాడె. మగ్గంలో అటూ ఇటూ దారం మోసే ఆ కర్రముక్క అక్కడి మిల్లులో పనికిరాదని తెలిసీ తీసుకుపోయాడట. "ఇంకా ఆయన కూసున్న గుంట ఉన్నది. దినం కాంగనే అది పూడుస్తరట" అన్నది.

గుంట అంటే మగ్గం గుంట. నేసేవాడు నేల అంచున చెక్కపలక మీద కూర్చుని కాళ్ళు అందులోకి దించి తొక్కుతాడు. ఇంట్లో ఇక ఆ మగ్గం నేసే మగవాడు లేడు గనుక గుంట పూడ్చి ఆ జాగాలో నర్సయ్య ఎద్దుల దాణా పోసుకుంటాడని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. సామాన్లు దినం తర్వాత చాకలికి ఇచ్చేస్తారు. ఆనవాయితీ అంతే. "అవన్నీ ఒక్కతాన పెట్టి ఫోటో తీస్త, ముఖం అక్కెర్లేదు" అన్నాను. నర్సయ్య నన్ను కాకుండా బాపును చూసి, "నీ బిడ్డకు మతి సక్కగున్నదా?" అన్నాడు.

వాళ్ళు పోయాక బాపు నా మీద పడ్డాడు. "మనది ముఖాల దుకాణం. చెప్పులకూ చెంబులకూ ఫోటో తీస్తరానే? ఇంటింటికి తిరిగి ఫోటోలు తీసే ఆడిపోరిని ఎవలు చేసుకుంటరు?"

"చేసుకోకుంటె ఈడనే ఉంట. నీకు టచింగ్ ఎవలు చేస్తరు?"

"ఒక్కదానివి చొప్పదండి పోతవా?"

గడప అవతల బియ్యం ఏరుతున్న అవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "ఒక్కతెందుకు పోతది? నేను పోత దాని ఎంబడి. ఇన్నేండ్ల సంది నా చీరలు మీ ఫోటోలకు పరిస్తున్న. ఒక్కనాడన్న కెమెరా మోసి సూత్త" అన్నది. మా అవ్వ దుకాణం విషయంలో మాట్లాడటం అదే మొదలు. మర్నాడు నేను కెమెరా, ఆమె స్టాండు పట్టుకుని బస్సెక్కాం. కండక్టరు స్టాండు చూసి "మంచం కోళ్ళా అవ్వా?" అని అడిగితే, "కాదు కొడుకా, మూడు కాళ్ళ మనిషి. టికెట్ లేదు" అన్నది.

నర్సయ్య నూలు కోసం బయటికి పోయిన వేళకు వెళ్ళాం. రాజవ్వ ఇంట్లోకి రమ్మన్నది. మగ్గం ఉన్న గది చీకటి. ఒక్క చిన్న కిటికీ, అదీ పక్కింటి గోడకు. అంత చీకట్లో గాజుపలక మీద ఏమీ పడదు. నేను తల పట్టుకున్నాను. "వెలుతురు కావాలె గంతేనా?" అని రాజవ్వ పిల్లను మా అవ్వ చేతికిచ్చి, కొంగు నడుముకు చుట్టి, నిచ్చెన వేసి ఇంటి కప్పు ఎక్కింది. ఇంట్లోంచి నర్సయ్య భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏడాది ఎల్లని ముండమోపివి, ఇల్లెక్కుతవానే? ఇంటికి అరిష్టం!" అని అరిచింది. రాజవ్వ పైనుంచి, "అరిష్టం ఎప్పుడో అచ్చిపోయింది అక్కా, ఇప్పుడు ఎండ రానియ్యి" అంటూ పెంకులు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చింది. ఎండ దూలంలా దిగి సరిగ్గా ఆయన కూర్చునే చెక్కపలక మీద పడింది. అన్నేళ్ళు కూర్చున్న చోట ఆ చెక్క నడుమ నున్నగా పళ్ళెంలా అరిగి మెరిసింది. గుంట అంచున మడమలు ఆనించిన చోట మట్టి రెండు చోట్ల లోపలికి పోయింది. మా అవ్వ పిల్ల నోటికి వేలు అడ్డం పెట్టి, కదలకుండా నిలబడింది. నేను తీశాను. రెండో గాజుపలక పెట్టేలోగా నర్సయ్య రానే వచ్చాడు. ట్రంకుపెట్టె తాళం ఆయన దగ్గరే ఉంది. "దినం కాకముందు పెట్టె తెరిస్తె మర్యాద దక్కది" అన్నాడు. గుంట మాత్రం మా గాజుపలకలోకి ఎక్కేసింది. సామాన్లు దక్కలేదు.

ఏడాది దినం జరిగింది. మేము చేసిన కోటు ఫోటోకే దండ వేశారని విన్నాం. ఆ మర్నాడే గుంట పూడ్చారు. అదే రోజు, సామాన్లు ఇచ్చేయడానికి పెట్టె తాళం తీసి పెట్టిన వేళ, రాజవ్వ వాటిని చాకలి ఇంటికి కాకుండా మూట కట్టి నెత్తిన పెట్టుకుని, పిల్లను చంకనేసుకుని, బస్సెక్కి మా దుకాణానికి వచ్చింది. "ఫోటో తియ్యి, పొద్దుగూకేలోపల తీస్కపోయి ఇచ్చేయాలె" అన్నది. బాపు లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నేను మెట్లూ స్తంభాల తెర లాగేశాను. గోనెసంచులతో కిటికీ మూసి, మగ్గం మీద ఎండ ఏ పక్కనుంచి పడిందో ఆ పక్కనే అద్దం పెట్టి వాకిట్లోని వెలుతురు దించాను. చెప్పులు, రుమాల, చెంబు, డబ్బీ, నాడె. ఒక్కొక్కటీ విడిగా తీశాను. ఆమె ప్రతిదాన్నీ తనే పెట్టింది. రుమాల నేను మడతపెట్టబోతే, "ఆయన గట్ల పెట్టకపోతుండె. గుంజకు ఇసిరేసేటోడు" అని తీసుకుని విసిరింది. అది పడ్డట్టే తీశాను.

ఇక నా పని. ఆ ఫోటోలను కాగితం మీద అచ్చువేసి, అంచులు బ్లేడుతో కోసి, వెనకనుంచి గరుకు కాగితంతో రుద్ది పొరలా పల్చన చేసి, మగ్గం ఫోటో మీద అతికించాను. రుమాల మగ్గం గుంజకు, చెప్పులు గుంట అంచున విప్పినట్టు, చెంబూ డబ్బీ కుడిచేతికి అందేంత దూరంలో, నాడె చెక్కపలక మీద. మళ్ళీ ఫోటో తీసి చూస్తే చెప్పులు గాలిలో తేలుతున్నాయి. నీడలు లేవు. కుంచెతో నీడలు వేశాను. అయినా ఏదో తప్పు. రెండు రోజులు అదే పని. ఒక పగలు బాపు నీళ్ళ కోసం వచ్చినట్టు వచ్చి, నా వెనక నిలబడి, "చెప్పు నీడ గటు పడది. ఎండ పైనుంచి అస్తుంటె నీడ గంత పొడుగు ఎట్లుంటది? కుదించు" అని, మళ్ళీ ఆ పనితో తనకు సంబంధం లేనట్టు వెళ్ళిపోయాడు. కుదించాను. చెప్పులు నేల మీద నిలబడ్డాయి.

రంగులు అద్దేటప్పుడు రాజవ్వ మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంది. రుమాలకు పచ్చరంగు కలిపితే, "గింత పచ్చ గాదు, చిలుకపచ్చ. అది గూడ మాసింది" అన్నది. నేను అలవాటుకొద్దీ మరకలు తుడవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మాసినకాడ మాసినట్టే ఉంచు అక్కా. కడుగుడు సాలు." నాకంటె పెద్దది నన్ను అక్కా అన్నది. ఆ రోజునుంచి నేను ఏ వస్తువు మీదా మరక తుడవలేదు. పూర్తయ్యాక చూసి ఆమె ఏడవలేదు. పిల్లను ఎత్తి చూపించి, "బాపు" అన్నది. పిల్ల చెయ్యి చాచి చెప్పుల మీద పెట్టింది.

ఒక ఫోటో ఆమె తీసుకుపోయింది. ఇంకొకటి నేను ఆమెనడిగి దుకాణం ముందరి అద్దాల పెట్టెలో, కోటు తొడుక్కున్నవాళ్ళ మధ్యలో పెట్టాను. సాయంత్రానికి బాపు తీసేశాడు. "పెండ్లి ఫోటోలకు అచ్చేటోళ్ళకు సచ్చినోని చెప్పులు సూపెడ్తవా?" అన్నాడు. మాటలో న్యాయం లేకపోలేదు. అయినా మర్నాడు పొద్దున మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాను. దారిన పోయేవాళ్ళు ఆగి, "మనిషేడి?" అని అడిగి నవ్వేవారు. "ఉన్నడు, సూడరావాలె" అనేదాన్ని. "తస్వీర్‌లో సామాన్ ఉంది, సాబ్ ఎక్కడ?" అని ఒకాయన హాస్యమాడితే, "సాబ్ షోలాపూర్‌ల పనిచేసి సచ్చిపోయిండు" అన్నాను. ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

నర్సయ్యకు తెలిసి, బజారులో నిలబడి అరిచాడు. "మా ఇంటి గుంటను నడిబజార్ల పెడ్తరా? తియ్యి!" నేను అద్దాల పెట్టెకు అడ్డం నిలబడ్డాను. "ఇది రాజవ్వది. ఆమె తియ్యిమంటె తీస్త. నువ్వు చెప్తె తియ్య." బాపు గడపలో ఉన్నాడు. ఒక్కమాట అంటే చాలు, ఫోటో పోయేది. అనలేదు. నర్సయ్య నన్ను నెట్టడానికన్నట్టు ముందుకు వచ్చి, అద్దంలోకి చూసి ఆగాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత, ఎవరితో చెబుతున్నాడో తనకే తెలియనట్టు, "వాని ముఖం నాకు మతికి అస్తలేదు. మీరు చేసిన ఫోటో సూసినకాన్నుంచి అదే కండ్లల్ల మెదులుతుంది. అసలుది పోయింది" అన్నాడు. చెప్పులను చూపిస్తూ, "ఎడమది గిట్లనే అరగదొక్కేటోడు" అని వెళ్ళిపోయాడు. ఆ కోటు ముఖం చేసింది నా చెయ్యే. ఆయన అడిగాడు, బాపు ఒప్పుకున్నాడు, నేను చేశాను. అలాంటిది మళ్ళీ చేయనని బాపుతో ఆ రోజే చెప్పేశాను. "తిండెట్ల?" అన్నాడు. "బతికున్నోళ్ళకు మచ్చలు తీస్త. లేనోళ్ళను పుట్టియ్య" అన్నాను. ఆయన చివరిదాకా ముఖం లేనిది ఫోటో కాదనే అన్నాడు. ఆయన మాట ఆయనది. అద్దాల పెట్టెలోంచి మాత్రం మళ్ళీ తీయలేదు.

నాకు పెళ్ళి కాదని భయపడ్డారు గాని అయింది, ఆదిలాబాద్‌కు వెళ్ళాను. మా అత్తవారింట సగం మాట మరాఠీ. అక్కడా ఒక గది చీకటి చేసుకున్నాను. గొంగళ్ళు, జొన్నరొట్టె పెనాలు, ఒక గుడ్డి ముసలాయన తడుముకునే చేతికర్ర తీశాను, కోశాను, కలిపాను, రంగులద్దాను. అడిగి చేయించుకున్నవాళ్ళు కొద్దిమందే. ఇప్పుడు చూస్తే ఆ పని అంతా ఒక్క వేలు కదలికలో అయిపోతోంది. మేము రెండు రోజులు తంటాలుపడ్డ నీడ రెప్పపాటులో పడుతోంది. మంచిదే. ఆ సౌకర్యం అప్పుడుంటే నేనూ వాడుకునేదాన్ని, హైపోలో నా గోళ్ళు నల్లబడేవి కావు. పాతకాలమే గొప్పదని వాదించే ముసలిదాన్ని కాదు నేను. అప్పుడు ముఖం లేనివాళ్ళకు అబద్ధపు ముఖం తగిలించేవాళ్ళం, ఇప్పుడు ముఖం ఉన్నవాళ్ళ చుట్టూ ఉన్న బతుకంతా తుడిచేస్తున్నారు. రెండూ నాకు ఒప్పుదల కాదు. అప్పుడు కాదన్నాను, ఇప్పుడూ కాదంటాను. పెళ్ళివారు ఏమన్నా అనుకోనీ.

ఆదిలాబాద్ వెళ్ళిన కొన్నేళ్ళకు పుట్టింటికి వచ్చినప్పుడు, అవ్వా నేనూ చొప్పదండి పోయి రాజవ్వను చూసి వచ్చాం. వీధి మలుపులోనే మగ్గం చప్పుడు వినిపించింది. పూడ్చిన గుంటను రాజవ్వ మళ్ళీ తవ్వింది. ఆడది గుంటలో కూర్చోవడమేమిటని వాడకట్టంతా గోల చేస్తే, "నూలు కండెలు చుట్టే చేతులు నాడె ఎయ్యలేవా?" అని పలుగు పట్టుకుందట. నర్సయ్య మూడు రోజులు మాట్లాడక, నాలుగో రోజు వచ్చి మట్టి ఎత్తిపోశాడట. గుంట ఎంత లోతుండేదో, చెక్కపలక ఎక్కడుండేదో ఫోటో చూసి కొలుచుకున్నామని చెప్పింది. ఆ ఫోటో మగ్గం ఎదురుగానే గోడకు ఉంది, కోటు ఫోటో ఎక్కడా కనిపించలేదు. నేను అడగలేదు. మేము కూర్చుని ఉండగానే చీరలు కొనే సేటు ఒకాయన వచ్చి గడప బయట నిలబడ్డాడు, ఆ ఊరికి కొత్త. నేత చూసి మెచ్చుకుని, గోడ మీది ఫోటో చూసి, "గిదేంది, మనిషి లేని ఫోటోకు దండేసిండ్రు? ఎవలది?" అని అడిగాడు. రాజవ్వ నేత ఆపలేదు. గుమ్మంలో కూర్చుని కండెలు చుడుతున్న సుగుణ తలెత్తింది. బడికి పోయే వయసు వచ్చింది అప్పటికి.

"మా బాపు" అన్నది. "మీకు కనవడకుంటె జర దగ్గరికచ్చి సూడుండ్రి."

సేటు మా అందరి వైపూ చూశాడు. ఆయన గడప అవతల చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఫోటో దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.